సైరన్ చెవిన పడ్డాక మీ చేతిలో ఉండేది 3 సెకన్లే.. అంబులెన్స్ మోత, బుగ్గ లైట్ల వెనుక ఇంత కథ ఉందా?

కారు అద్దాలు ఎత్తేసి, ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని వెళ్తున్నారా? అయితే అడ్డరోడ్డు నుంచి దూసుకొచ్చే అంబులెన్స్ సైరన్ మీ చెవిన పడేసరికి అది దాదాపు 50 మీటర్ల దూరానికి వచ్చేసి ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండికి 50 మీటర్లంటే 3 సెకన్ల పని. ఆ 3 సెకన్లలోనే మోత వినాలి, అది ఎటు నుంచి వస్తోందో పోల్చుకోవాలి, బండి పక్కకు తీయాలి. జరిగే పనేనా?

తిరుపతి వాళ్లకు ఈ ప్రశ్న రోజూ ఎదురయ్యేదే. రుయా, స్విమ్స్, బర్డ్, మెటర్నిటీ ఆస్పత్రి.. పెద్దాస్పత్రులన్నీ అలిపిరి వెళ్లే దారి చుట్టుపక్కలే ఉన్నాయి. కొండకు వెళ్లే భక్తుల బండ్లదీ అదే దారి. తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచే కాదు, అన్నమయ్య, కడప, నెల్లూరు వైపు నుంచి కూడా సీరియస్ కేసులు ఇక్కడికే వస్తాయి. చిత్తూరు వాళ్లయితే వేలూరు సీఎంసీకి కూడా పరుగు పెడతారు. అంత దూరం నుంచి వచ్చిన బండి చివరి 2 కిలోమీటర్ల దగ్గర ఇరుక్కుపోవడం చూసేవాళ్లకే ఊపిరాడనివ్వదు.

అసలు ఈ సైరన్లు, తిరిగే లైట్లు ఎలా పనిచేస్తాయి? వీటిని ఎలా తయారుచేస్తారు? ఎవరు పెట్టుకోవచ్చు, ఎవరు పెట్టుకోకూడదు? వివరాల్లోకి వెళ్తే..

ఆ పెట్టెలో ఏముంటుంది?

సైరన్ అనే పేరు 1819 నాటిది. ఫ్రాన్స్‌కు చెందిన చార్లెస్ కాన్యార్ ద లా తూర్ అనే ఇంజినీరు చిల్లులు పెట్టిన పళ్లేన్ని గుండ్రంగా తిప్పుతూ దాని గుండా గాలిని పంపే యంత్రం తయారుచేశాడు. చిల్లు ఎదురైనప్పుడల్లా గాలి బయటికి తన్నుకొస్తుంది, మూసుకుపోతే ఆగుతుంది. సెకనుకు 500 సార్లు అలా జరిగితే 500 హెర్ట్జ్‌ల కూత. పళ్లెం వేగం పెరిగేకొద్దీ కూత పైస్థాయికి వెళ్తుంది. ఆ యంత్రం నీళ్లలో ముంచినా పాడింది. అందుకే గ్రీకు కథల్లో పాటతో నావికులను మాయచేసే సైరన్ల పేరు పెట్టాడు. మాయచేసే పాట పేరు చివరికి పక్కకు తప్పుకోమని అరిచే మోతకు అతుక్కుపోయింది!

పాత మిల్లుల్లో షిఫ్టు మారినప్పుడు మోగిన సైరన్లు, చేత్తో తిప్పే సైరన్లు అన్నీ ఈ సూత్రం మీద నడిచినవే. వాటికి ముందు ఫైరింజన్ల మీద ఇత్తడి గంట ఉండేది. ఒకరు పక్కన నిలబడి తాడు లాగుతూ గంట కొట్టుకుంటూ వెళ్లేవాళ్లు.

ఇప్పటి అంబులెన్సుల్లో తిరిగే పళ్లెం ఉండదు. డ్రైవర్ పక్కన చిన్న కంట్రోల్ బాక్స్ ఉంటుంది. అందులోని సర్క్యూట్ శబ్దాన్ని పుట్టిస్తుంది, యాంప్లిఫయర్ దాన్ని పెంచుతుంది, ముందు గ్రిల్ వెనుకో, టాప్ మీదో బిగించిన హార్న్ స్పీకర్ బయటికి తోస్తుంది. గుడి మైకుల స్పీకర్‌ను చూసే ఉంటారు కదా, ఇది కూడా ఆ జాతిదే. లోపల ఒక గట్టి అయస్కాంతం, దాని ముందు పల్చటి డయాఫ్రమ్, ఆ గాలి మెలికలు తిరిగి బయటికొచ్చే మూతి. సాధారణంగా 100 వాట్ల స్పీకర్ వాడతారు. 12 వోల్టుల బ్యాటరీ మీద అది 8 నుంచి 10 ఆంపియర్ల కరెంటు లాగేస్తుంది.

కరెంటు సంగతి చిన్నదేం కాదు. కరకంబాడి అనగానే అమరరాజా బ్యాటరీలు గుర్తొచ్చే తిరుపతి వాళ్లకు ఈ లెక్క చెప్పాల్సిన పని లేదు. ప్రమాదం జరిగిన చోట ఇంజిన్ ఆపేసి గంటసేపు లైట్లు వెలిగించి ఉంచితే, తీరా పేషెంట్‌ను ఎక్కించాక బండి స్టార్ట్ అవ్వాలి కదా. పాత హాలోజన్ బల్బుల స్థానంలో ఎల్‌ఈడీలు రావడానికి ఇదొక పెద్ద కారణం.

తయారీదారులకు మోత పుట్టించడం తేలికే, దాన్ని ఏళ్ల తరబడి బతికించడమే కష్టం. రాయలసీమ ఎండలో నిలబెట్టిన బండి టాప్ మీద చేయి పెట్టలేం. ఆ వేడికి ప్లాస్టిక్ డోమ్ కొన్నేళ్లలో పసుపురంగుకు తిరుగుతుంది, వెలుతురు సగం లోపలే ఆగిపోతుంది. అందుకే మంచి కంపెనీలు ఎండ దెబ్బకు తట్టుకునే పాలీకార్బొనేట్ వాడతాయి. సర్క్యూట్ బోర్డు మీద రెసిన్ పోసి తేమ తగలకుండా మూసేస్తాయి. నీళ్ల జల్లు కింద, దుమ్ము గదిలో, వణికించే యంత్రం మీద పెట్టి పరీక్షించాకే బయటికి పంపుతాయి. ఆన్‌లైన్‌లో వందల రూపాయలకే దొరికే సైరన్‌కూ, అంబులెన్సుకు బిగించే సైరన్‌కూ ధరలో అంత తేడా ఎందుకంటే ఇందుకే.

అంత పెద్ద మోత.. మనకెందుకు వినిపించదు?

ఇక్కడే అసలు చిక్కు. మంచి 100 వాట్ల సైరన్ 3 మీటర్ల దూరంలో దాదాపు 118 డెసిబెల్స్ మోత చేస్తుంది. చెవులు మూసుకోవాల్సిందే. అయితే దూరం రెట్టింపయిన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గిపోతాయి. 6 మీటర్లకు 112. 12 మీటర్లకు 106. 24 మీటర్లకు 100. 48 మీటర్లకు వచ్చేసరికి 94. మధ్యలో బస్సో, లారీయో, బిల్డింగో అడ్డం వస్తే ఇంకా తగ్గుతుంది.

ఇప్పుడు అద్దాలు మూసిన కారు లోపలికి రండి. డోర్లు, అద్దాలు, రబ్బరు బీడింగులు కలిసి సుమారు 30 డెసిబెల్స్ మింగేస్తాయి. మిగిలింది 64. లోపల ఏసీ ఫ్యాను, ఇంజిన్, టైర్ల రొద, పాటలు అన్నీ కలిపితే దాదాపు 70. అంటే సైరన్ మోత పాట కింద మునిగిపోయింది. కార్ల కంపెనీలు లోపల ఎంత నిశ్శబ్దంగా ఉంటే అంత గొప్పగా చెప్పుకుంటాయి. ఆ గొప్పతనానికి అంబులెన్స్ వాళ్లు కట్టే మూల్యం ఇది. హెల్మెట్ లోపల ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మరి సైరన్ శబ్దం ఇంకా పెంచేయొచ్చు కదా? పెంచితే ముందుగా దెబ్బతినేది అంబులెన్స్ డ్రైవర్, టెక్నీషియన్ చెవులు. రోజుకు గంటల తరబడి ఆ మోత కిందే వాళ్ల ఉద్యోగం. పైగా దూరం రెట్టింపు కావాలంటే 6 డెసిబెల్స్ పెంచాలి, అంటే పవర్ నాలుగు రెట్లు కావాలి. 100 వాట్లు కాస్తా 400 వాట్లవుతుంది. అందుకే ఇంజినీర్లు శబ్దం పెంచకుండా వేరే దారులు వెతికారు.

అందులో ఒకటి.. మోత తీరు మార్చడం. అంబులెన్స్ సైరన్‌ను కాసేపు శ్రద్ధగా వినండి. ఖాళీ రోడ్డు మీద నిదానంగా ఎక్కుతూ దిగుతూ ఏడుస్తున్నట్టు వినిపిస్తుంది. దీన్ని వెయిల్ అంటారు. నిమిషానికి 10 నుంచి 30 సార్లు అలా ఎక్కి దిగుతుంది. సర్కిల్ దగ్గరికి రాగానే డ్రైవర్ బటన్ మారుస్తాడు, గబగబా కుయ్ కుయ్ మంటూ కొట్టుకుంటుంది. అది యెల్ప్. నిమిషానికి 150 నుంచి 250 సార్లు. ఒకే రకం మోతకు చెవి త్వరగా అలవాటు పడిపోతుంది, మార్పు వస్తే ఉలిక్కిపడుతుంది. ఆ ఉలికిపాటు కోసమే ఈ మార్పు.

రెండోది.. వినిపించడం మానేసి తెలిసేలా చేయడం. అమెరికాలోని ఫెడరల్ సిగ్నల్ కంపెనీ 2007లో రంబ్లర్ అనే సైరన్ తెచ్చింది. షికాగోలో 1901లో మొదలైన ఈ కంపెనీ సైరన్ల తయారీలో ప్రపంచంలోని పాత పేర్లలో ఒకటి. రంబ్లర్ శబ్దం బాగా కింది స్థాయిలో ఉంటుంది. డీజే బాక్సుల ముందు నిలబడితే గుండె అదిరినట్టు, కారు సీటు, స్టీరింగ్ అదురుతాయి. పాటలు ఎంత పెట్టుకున్నా ఒళ్లు గుర్తుపడుతుంది.

2021 అక్టోబరులో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ మాత్రం ఇంకో మాట అన్నారు. సైరన్ల మోత చిరాగ్గా ఉందని, వాటి బదులు ఆకాశవాణి ట్యూన్ లాంటి వినసొంపైన సంగీతం, హారన్లకు ఫ్లూటు, తబలా లాంటి వాయిద్యాల శబ్దాలు వస్తే బాగుంటుందని చెప్పారు. వినడానికి బాగానే ఉంది. కాకపోతే చిరాకు పుట్టించడమే సైరన్ ఉద్యోగం. వినసొంపుగా ఉంటే వింటూ కూర్చుంటారు గానీ పక్కకు జరగరు.

వినిపించింది సరే.. ఎటు నుంచి?

సైరన్ విన్నాక చాలామంది చేసే పని, తల అటూ ఇటూ తిప్పడం. తప్పు వాళ్లది కాదు. ఒక శబ్దం ఎటు నుంచి వస్తోందో మెదడు రెండు పద్ధతుల్లో లెక్కేస్తుంది. శబ్దం ఏ చెవికి ముందు చేరింది అనేది ఒకటి, ఏ చెవికి గట్టిగా వినిపించింది అనేది రెండోది. మొదటి పద్ధతి కింది స్థాయి శబ్దాలకు బాగా పనిచేస్తుంది. రెండోది పైస్థాయి శబ్దాలకు. 1000 నుంచి 2000 హెర్ట్జ్ మధ్యలో రెండూ తడబడతాయి. సైరన్ కూత పైకి ఎక్కేది సరిగ్గా అక్కడికే! ముందు నుంచా వెనుక నుంచా అన్నది మరీ కష్టం.

కూత పల్చబడి కిందికి దిగినట్టు వినిపించిందంటే మాత్రం బండి మిమ్మల్ని దాటిపోయినట్టే. 60 కిలోమీటర్ల వేగంలో ఎదురొచ్చేటప్పటికీ, దాటాకా కూత స్థాయిలో దాదాపు 10 శాతం తేడా వస్తుంది. స్కూల్లో చదివిన డాప్లర్ ఎఫెక్ట్ ఇదే.

ఘాట్ రోడ్లలో పరిస్థితి ఇంకా వేరు. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. ఇప్పుడు రెండో దానిలో ఎక్కుతారు, మొదటి దానిలో దిగుతారు. తిరుమల అశ్విని ఆస్పత్రి నుంచి కింద ఉన్న స్విమ్స్‌కో, రుయాకో పేషెంట్‌ను తెచ్చే అంబులెన్స్ ఆ మూలమలుపులన్నీ దిగాల్సిందే. కొండకు తగిలి మోత తిరిగొస్తుంది. పై మలుపులో ఉన్న బండి కింది నుంచి వస్తున్నట్టు, ఎదురుగా లేని బండి ఎదురొస్తున్నట్టు అనిపిస్తుంది. వన్‌వే కాబట్టి అంబులెన్స్ వెనుక నుంచే వస్తుందని గుర్తుంటే సగం గందరగోళం తగ్గుతుంది. రాత్రి పూటయితే చెవి కంటే కన్ను నయం. పై మలుపులో తిరిగే నీలం వెలుగు చెట్ల మీద పడటం ముందే కనిపిస్తుంది.

రెండు వైపులా బండ్లు తిరిగే మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్లలో ఆ సౌకర్యం లేదు. 2022 మార్చి 26 రాత్రి ధర్మవరం నుంచి తిరుచానూరుకు నిశ్చితార్థానికి వస్తున్న బస్సు భాకరాపేట ఘాట్‌లో లోయలో పడింది. క్షతగాత్రులను చీకట్లోనే పైకి చేర్చి తిరుపతికి తరలించాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరు 13న పలమనేరు, బంగారుపాళ్యం మధ్య మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సును లారీ ఢీకొన్న ప్రమాదంలో 8 మంది చనిపోయారు. అలాంటి రోజుల్లో ఒకటి కాదు, వరసగా అంబులెన్సులు వస్తాయి. ఒకదానికి దారిచ్చి వెంటనే రోడ్డెక్కేవాళ్లు రెండో దానికి అడ్డం పడతారు.

ఎరుపా? నీలమా?

పాత తిరిగే లైట్లలో బల్బు ఆరదు, వెలగదు. అది నిలకడగా వెలుగుతూనే ఉంటుంది. దాని చుట్టూ ఒక అద్దం మోటారుతో తిరుగుతుంది. అద్దం మనవైపు తిరిగినప్పుడు వెలుగు, లేనప్పుడు చీకటి. అంబులెన్స్ లైట్లకు ప్రపంచమంతా పేరున్న వెలెన్ కంపెనీ అమెరికాలో 1952లో మొదలైంది. అది మొదట చేసింది విమానాలకు బిగించే తిరిగే లైట్. ఆ తర్వాత కెమెరా ఫ్లాష్ లాంటి స్ట్రోబ్ లైట్లు, ఇప్పుడు ఎల్‌ఈడీలు. ఐరోపా ప్రమాణం ప్రకారం ఇవి సెకనుకు 2 నుంచి 4 సార్లు మెరవాలి. అంతకంటే నిదానమైతే మామూలు ఇండికేటర్ అనుకుంటారు, మరీ వేగమైతే కలిసిపోయి ఒకే వెలుగులా కనిపిస్తుంది.

రంగు విషయంలో మన రోడ్ల మీద ఎరుపుకు విలువ లేదు. బ్రేక్ లైట్లు ఎరుపు, టెయిల్ ల్యాంపులు ఎరుపు, సిగ్నల్ ఎరుపు, బిర్యానీ సెంటర్ బోర్డు కూడా ఎరుపే. అందులో ఇంకో ఎరుపు కలిసిపోతుంది. చీకట్లో మనిషి కన్ను ఎరుపు కంటే నీలాన్ని తేలిగ్గా పట్టేస్తుంది. 19వ శతాబ్దంలోనే చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే ఈ సంగతి గమనించాడు. అందుకే నీలం వాడకం పెరిగింది. అయితే కొత్త ఎల్‌ఈడీలతో తలనొప్పి కూడా ఉంది. పగలు కనిపించడానికి పెట్టిన వెలుతురు రాత్రి ఎదుటి డ్రైవర్ కళ్లు బైర్లు కమ్మేలా చేస్తుంది. మంచి లైట్ బార్లకు రాత్రి పూట వెలుతురు తగ్గించే ఏర్పాటు ఉంటుంది.

ఇక బండి ముందు అంబులెన్స్ అనే పేరు తిరగేసి రాసి ఉండటం అందరూ చూసిందే. ముందు వెళ్లే బండి అద్దంలో అది సరిగ్గా కనిపించాలని అలా రాస్తారు.

బుగ్గ కారు పోయింది.. సైరన్ పోలేదు

ఒకప్పుడు మన దగ్గర బుగ్గ కారు అంటే హోదా. ఎమ్మెల్యేకు మంత్రి పదవి వస్తే బుగ్గ కారు వచ్చిందనే వాళ్లు. 2013 డిసెంబరు 10న అభయ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ ఎర్రబుగ్గల మోజు మీద గట్టి తీర్పు ఇచ్చింది. రాజ్యాంగ పదవుల్లో ఉన్న అతి ముఖ్యులకే పరిమితం చేయాలని, ఎవరు పడితే వాళ్లు రకరకాల మోతల హారన్లు వాడకూడదని చెప్పింది. 2017 ఏప్రిల్ 19న కేంద్ర కేబినెట్ ఆ కాస్త మినహాయింపునూ తీసేసింది. అదే ఏడాది మే 1 నుంచి రాష్ట్రపతి, ప్రధాని, ముఖ్యమంత్రి సహా ఎవరి కారు మీదా ఎర్రబుగ్గ లేదు.

మరి ఎవరు పెట్టుకోవచ్చు? కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 108వ నిబంధన దీని గురించే. అత్యవసర సేవల నంబరు, ఈ నిబంధన నంబరు ఒకటే కావడం యాదృచ్ఛికం! దాని ప్రకారం ఎరుపు, నీలం, తెలుపు కలిసిన లైట్లు ఫైరింజన్లకు, శాంతిభద్రతల విధుల్లో ఉన్న పోలీసు, రక్షణ, పారామిలటరీ బండ్లకు, విపత్తు సహాయక బండ్లకు మాత్రమే. అంబులెన్సుకు ఊదారంగు అద్దంతో మెరిసే ఎర్రలైటు అని ఆ నిబంధనల్లో విడిగా రాసి ఉంది. మోత సంగతి 119వ నిబంధనలో ఉంటుంది. స్వరాలు మారుతూ మోగే హారన్లు, చెవులు చిల్లులు పడే హారన్లు ఏ బండికీ ఉండకూడదు. అంబులెన్స్, ఫైర్, పోలీసు బండ్లు, రవాణా శాఖ అధికారుల బండ్లు లాంటి వాటికే మినహాయింపు.

ఇదంతా కాగితం మీద. తిరుపతిలో పరిస్థితి వేరు. కొండకు వీఐపీలు రాని వారం ఉండదు. కాన్వాయ్ ముందు పైలట్ వాహనం సైరన్ వేసుకుంటూ వెళ్లడం రూలు ప్రకారం తప్పేమీ కాదు. కానీ ఆ వెనకాలే అనుచరుల ప్రైవేటు కార్లలోనూ కుయ్ మనే హారన్లు మోగుతాయి. పార్టీ ర్యాలీల్లో కుర్రాళ్ల బైకులకు కూడా అవే. వాటిని పదిసార్లు విన్నవాడు పదకొండోసారి అంబులెన్స్ వచ్చినా ‘మళ్లీ ఎవరో లీడర్’ అనుకుంటాడు. అక్కడ నిలిచిపోయే నిమిషం స్ట్రెచర్ మీద ఉన్నవాళ్లది.

కుయ్ కుయ్ నుంచి శ్రీసిటీ దాకా

తెలుగువాళ్లకు అంబులెన్స్ సైరన్ అనగానే 108 గుర్తొస్తుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్ కేంద్రంగా ఈఎంఆర్‌ఐ సంస్థ ఈ సేవలు మొదలుపెట్టింది. అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి సభల్లో చేయి ఊపుతూ కుయ్ కుయ్ మంటూ ఆ సైరన్‌ను అనుకరించడం ఇప్పటికీ వీడియోల్లో తిరుగుతూనే ఉంటుంది. ఒక బండి మోత ఎన్నికల ప్రచారంలోకి ఎక్కడం మరెక్కడా కనిపించని ముచ్చట. ఆ మోడల్‌ను తర్వాత చాలా రాష్ట్రాలు అందుకున్నాయి. 2020 జులై 1న విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర 108, 104 కొత్త వాహనాలు మొత్తం 1,088 ఒకేసారి రోడ్డెక్కాయి.

అంబులెన్స్ అంటే వ్యాన్‌లో మంచం వేసి టాప్ మీద లైటు పెట్టడం కాదు. దేశంలో దీనికి ఏఐఎస్-125 అనే ప్రమాణం ఉంది. అందులో నాలుగు రకాలు. మొదట చేరుకుని ప్రథమ చికిత్స ఇచ్చేది ఏ రకం. పేషెంట్‌ను ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చేది బీ. ఆక్సిజన్ లాంటి ప్రాథమిక ప్రాణరక్షణ ఏర్పాట్లు ఉన్నది సీ. వెంటిలేటర్ స్థాయి సదుపాయాలున్నది డీ. బయటి లైట్లు, సైరన్ ఎలా ఉండాలో కూడా అందులోకే వస్తాయి. సైరన్ మోత మాత్రం అన్నింటిదీ ఒకటే, లోపల ఏముందో బయటివాళ్లకు తెలియదు. ప్రైవేటు అంబులెన్స్ మాట్లాడుకునేవాళ్లు రేటు కంటే ముందు అది ఏ రకమో అడగడం మంచిది.

ఇలాంటి బండి ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే తయారవుతోంది. సత్యవేడు దగ్గర శ్రీసిటీలో ఇసుజు ప్లాంట్ 2016 ఏప్రిల్‌లో మొదలైంది. డీ-మ్యాక్స్ పికప్ బండ్లు తయారుచేసే ఈ కంపెనీ 2025లో అదే బండి మీద సీ రకం అంబులెన్స్ తెచ్చింది. చెన్నై ఎక్స్‌షోరూమ్ ధర దాదాపు 26 లక్షలు. ఎత్తుపల్లాల రోడ్లున్న ఈ ప్రాంతానికి పికప్ ఛాసిస్ మీద కట్టిన అంబులెన్స్ పనికొచ్చే సరుకే.

సైరన్‌తో పాటు దారి కూడా ముందే ఖాళీ చేస్తే ఏమవుతుందో తిరుపతి 2023 జనవరిలో చూసింది. విశాఖ నుంచి విమానంలో రేణిగుంటకు వచ్చిన గుండెను గ్రీన్ ఛానల్ ద్వారా శ్రీపద్మావతి హృదయాలయానికి చేర్చారు. అక్కడ జరిగిన మొదటి గుండె మార్పిడి అదే. శరీరం నుంచి తీసిన గుండెకు ఉండే టైమ్ 4 నుంచి 6 గంటలే. ఆ రోజు పోలీసులు సర్కిల్ సర్కిల్‌కూ ట్రాఫిక్ ఆపారు కాబట్టి సైరన్ కేవలం తోడుగా నిలిచింది. మామూలు రోజుల్లో 108 బండికి ఆ పోలీసులు ఉండరు, సైరన్ ఒక్కటే దిక్కు.

బండి మీద లేని సైరన్లు

2025 మే 7న దేశవ్యాప్తంగా సివిల్ డిఫెన్స్ మాక్ డ్రిల్ జరిగినప్పుడు విశాఖ, హైదరాబాద్‌లలో సైరన్లు మోగాయి. ఈ తరంలో చాలామంది ఆ మోతను నిజంగా వినడం అదే మొదటిసారి. దాని అర్థం సులువే. ఎక్కుతూ దిగుతూ మోగితే ప్రమాదం, ఇంట్లోకి వెళ్లిపోవాలి. ఒకే స్థాయిలో సాగితే ప్రమాదం తప్పినట్టు.

డ్యాముల గేట్లు ఎత్తేముందు కూడా సైరన్ వేస్తారు. 2021 నవంబరు వరదలప్పుడు తిరుపతి దగ్గర కల్యాణి డ్యాం గేట్లు ఎత్తారు, స్వర్ణముఖి పొంగింది. అదే సమయంలో రామచంద్రాపురం మండలం రాయలచెరువు కట్టకు లీకేజీ రావడంతో కింది ఊళ్లను ఖాళీ చేయించారు. చెరువు కట్టకు సైరన్ ఉండదు. దండోరా, గుడి మైకు, సెల్‌ఫోన్ మెసేజ్.. అక్కడ ఇవే సైరన్లు.

మోత వినపడగానే ఏం చేయాలి?

ముందు పాటల సౌండ్ తగ్గించి అద్దం కొంచెం దించండి. అద్దం దిగితే చాలు, పోయిన డెసిబెల్స్‌లో చాలా వరకు తిరిగొస్తాయి. అద్దంలో చూసి, ఇండికేటర్ వేసి ఎడమ పక్కకు తీసి ఆపండి. ఉన్నచోటే సడన్ బ్రేక్ కొట్టడం అన్నింటికంటే ప్రమాదం, వెనుక వస్తున్నది అంబులెన్సే అయితే మరీ. శ్రీనివాస సేతు లాంటి ఫ్లైఓవర్ మీద దిగిపోవడానికి పక్క దారి ఉండదు. అక్కడ ఎడమ లైన్‌లోకి జరిగి నెమ్మదిగా ముందుకు సాగడమే మేలు. సర్కిల్‌లో గ్రీన్ సిగ్నల్ పడినా మోత వినిపిస్తే కదలకండి. ఒక అంబులెన్స్ దాటాక రెండోది ఉందేమో చూసుకోండి. దాని వెనకాలే పడి ఖాళీ దారిలో దూరిపోయే తెలివితేటలు వద్దు.

దారి ఇవ్వకపోతే? 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల సవరణ చట్టంలో 194ఈ సెక్షన్ ఉంది. అంబులెన్స్‌కో, ఫైరింజన్‌కో పక్కకు తప్పుకోకపోతే 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదంటే రెండూ. హెల్మెట్ ఫైన్ గురించి తెలిసినంతగా ఈ సెక్షన్ గురించి జనానికి తెలియదు. అంబులెన్స్ డ్రైవర్ దారి వెతుక్కుంటాడే గానీ ఆగి నంబర్ ప్లేట్ రాసుకోలేడు. సర్కిళ్లలోని సీసీ కెమెరాల్లో, బండి ముందు బిగించిన డ్యాష్‌క్యామ్‌లో మాత్రం ఆ నంబర్ పడుతుంది.